ముందు పద్దుల పుస్తకం తెరువు, అమ్ములూ

సింగపూర్ నుంచి

చిరంజీవి అమ్ములుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫైల్ నిన్న రాత్రి కూర్చుని మొత్తం చదివాను. 42 పేజీలు. 11 రాజవంశాల చరిత్ర, 3 మ్యాపులు, 18 ఆయుధాల పట్టిక, ఏ ఆయుధానికి ఎన్ని పాచికల దెబ్బో కూడా రాశావు. "చైనా పురాణాలూ కుంగ్‌ఫూ కలిపి ఒక క్యాంపెయిన్ ఆడిస్తున్నాను, ప్లేయర్లు ఐదుగురు, వచ్చే నెల మొదటి శనివారం మొదలు, ఎలా ఉందో చెప్పు మావయ్యా" అన్నావు. బల్ల చుట్టూ తలో పాత్ర వేసుకుని కూర్చుని, నువ్వు నడిపే కథలో ఏం చేస్తారో చెబుతూ, తేలనిచోట పాచికలు వేస్తూ వారాల తరబడి సాగే ఆట కదా క్యాంపెయిన్ అంటే. కష్టపడ్డావమ్మా, కనిపిస్తూనే ఉంది. కానీ ఆ 42 పేజీలు నువ్వు తప్ప ఇంకెవరూ చదవరు. నీ స్నేహితులు మంచివాళ్లే, అయినా చదవరు.

నేను మొదటిసారి ఆడించినప్పుడు నావి 60 పేజీలు. అప్పటికి ఇక్కడికి వచ్చి మూడేళ్లు. ఆఫీసులో నలుగురిని పోగేసి మా డైనింగ్ టేబుల్ మీద మొదలెట్టాను. మొదటి సెషన్‌లో సత్రంలో కొట్లాట. రెండో సెషన్‌లో వెదురు తోపులో కొట్లాట. మూడో దాంట్లో పడవ మీద కొట్లాట. నాలుగో వారం ఒకబ్బాయి పాచికలు గుప్పిట్లో పట్టుకుని, వేయకుండా, "వీణ్ణి ఓడిస్తే ఏమవుతుంది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. "పోనీ నేనే ఓడిపోతే?" అన్నాడు. దానికీ లేదు. ఐదో వారం ఇద్దరే వచ్చారు. మీ అత్తయ్య చేసిన పులిహోర ముగ్గురం తిని లేచాం. ఆ క్యాంపెయిన్ అంతటితో సరి.

ఆ తర్వాత చాలా ఆడించాను, కొన్ని బాగా కుదిరాయి, కొన్ని తుస్సుమన్నాయి. కుదిరినవాటన్నిటిలో నా పక్కన ఒక రూళ్ల పుస్తకం ఉంది. అందులో ఎవరికి ఎవరు ఏం బాకీ ఉన్నారో రాసుకునేవాణ్ణి. మన వీధి చివర కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిదే అనుకో. ఈ ఉత్తరం నిండా నేను చెప్పబోయేది ఆ పుస్తకం గురించే. పాచికలూ దేవతలూ మధ్యలో వచ్చిపోతాయి.

కత్తివీరుల లోకానికి చైనావాళ్లు పెట్టుకున్న పేరు జియాంగ్‌హూ. మాటకి మాట అర్థం ‘నదులూ సరస్సులూ’. సర్కారు కచేరీకీ ఊరి కట్టుబాటుకీ అందకుండా దారుల వెంట బతికేవాళ్ల లోకం అది. సరుకుకి కాపలా వెళ్లేవాళ్లు, మూలికలమ్మేవాళ్లు, గారడీవాళ్లు, సన్యాసులు, బిచ్చగాళ్లు, దొంగలు. అక్కడ కోర్టు లేదు, ఒప్పందం కాగితానికి విలువ లేదు. మరి ఒకడి మాట ఇంకొకడు ఎందుకు నమ్మాలి? పేరు పోతుందన్న భయం వల్ల, తీర్చాల్సిన ఋణం వల్ల. చేసిన మేలునీ మిగిలిన పగనీ కలిపి వాళ్లు ఒకే జంటమాటగా పలుకుతారు. మనకిది కొత్తేం కాదు. ఉప్పు తిన్న ఋణం, పాత పగ, ఇచ్చిన మాట, వీటి మీదే కదా మన పల్నాటి కథ నడిచింది.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో హాన్ ఫే అనే రాజనీతి పండితుడు వీళ్లమీద విసుక్కున్నాడు. పండితులు రాతలతో చట్టాన్ని గందరగోళం చేస్తారట, ఈ వీరులు బలంతో నిషేధాల్ని మీరుతారట. తిట్టాలనుకున్న మనిషి మనకి చక్కటి నిర్వచనం ఇచ్చిపోయాడు.

కాబట్టి మొదటి శనివారం పాచికలు బయటికి తీయకు. ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చి రెండు వాక్యాలు రాయించు. ‘ఫలానావారికి నేను ఋణపడ్డాను, ఎందుకంటే...’ అని ఒకటి. ‘ఫలానావారితో నా లెక్క తేలలేదు, ఎందుకంటే...’ అని ఇంకొకటి. మనిషి పేరు ఉండి తీరాలి. ఐదుగురి కాగితాల్లో కనీసం రెండు వాక్యాలు ఒకరినొకరు తగలాలి, అంటే బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలోనే ఒకరికొకరు బాకీ ఉండాలి.

మా బల్ల దగ్గర ఒకాయన "మా గురువుగారికి ఋణపడ్డాను" అని రాసి పెన్ను కింద పెట్టేశాడు. సరిపోదన్నాను. ఆయన ఏం చేశాడు నీకు? కాసేపు ఆలోచించి, "వరద వచ్చిన ఏడు నన్ను బుట్టలో కూర్చోబెట్టుకుని మోశాడు. బుట్టలో ఇద్దరికి చోటు లేక, తన కూతుర్ని పడవవాళ్లకి అప్పజెప్పేశాడు" అన్నాడు. పక్కనే కూర్చున్న అమ్మాయి అప్పటిదాకా ఏమీ రాయలేదు. తలెత్తి, "ఆ కూతుర్ని నేనే" అంది. అంతే. 11 నెలలు నడిచింది ఆ క్యాంపెయిన్. నేను రాసుకున్న రాజవంశం పేరు ఎవరికీ గుర్తు లేదు, ఆ బుట్ట మాత్రం ఇప్పటికీ అందరికీ గుర్తే.

ఆ రోజు నుంచి బహుమతిగా బంగారు నాణేలు ఇవ్వడం మానేశాను. ప్లేయర్లు ఎవరినైనా కాపాడితే పుస్తకంలో ఒక పద్దు. వాళ్లని ఎవరైనా కాపాడితే ఇంకో పద్దు. పద్దు కొట్టేయడం నా చేతిలో ఉండదు, ఆటలోనే తీరాలి.

పగ తీర్చుకోవడం అంత సులువు కాకుండా చూడు. ఇందుకు నాకు బాగా పనికొచ్చింది రెండువేల ఏళ్ల నాటి నిజం మనిషి కథ. హాన్ రాజ్యపు చరిత్రకారుడు సీమా చియెన్ తన మహా చరిత్రలో చక్రవర్తులతో పాటు ఈ దారిన పోయే వీరులకీ ఒక అధ్యాయం ఇచ్చాడు. అందులో గువో జియే అని ఒకడు. పొట్టివాడు, చూడ్డానికి ఏమీ ఉండడు, మద్యం ముట్టడు. కానీ పేరు చెబితే ఊళ్లు వణికేవి. ఆయన అక్క కొడుకు మావయ్య పేరు చూసుకుని ఒకడి చేత బలవంతంగా తాగించబోయాడు. అవతలివాడు తిక్కరేగి ఆ కుర్రాణ్ణి చంపి పారిపోయాడు. ఆ అక్క, కొడుకు శవాన్ని ఎత్తనివ్వకుండా నడిదారిలో పడేసింది, తమ్ముడికి సిగ్గు రావాలని. హంతకుడు ఎక్కడున్నాడో గువో జియే ఆరా తీయించాడు. వాడే వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాడు. విని, "నువ్వు చేసింది సబబే, తప్పు మావాడిది" అని వదిలేసి, మేనల్లుణ్ణి తీసుకెళ్లి పూడ్చిపెట్టాడు. ఆ దెబ్బతో ఆయన పేరు ఇంకా పెరిగింది.

చివరికి ఏమైంది తెలుసా? ఆయన్ని తిట్టిన ఒక పండితుణ్ణి, ఆయనకి తెలియకుండానే, ఎవడో అభిమాని చంపేశాడు. విచారించిన అధికారులు ఈయన తప్పేమీ లేదన్నారు. ఆస్థానంలో ఒక మంత్రి లేచి, ఆయనకి తెలియకుండా ఆయన కోసం మనుషుల్ని చంపుతున్నారంటే అది తెలిసి చంపించడం కంటే పెద్ద నేరం అన్నాడు. వంశంతో సహా తుడిచిపెట్టారు. నీ ప్లేయర్లకి పేరు వచ్చాక, అంటే ఎనిమిదో తొమ్మిదో సెషన్ తర్వాత, వాళ్ల పేరు చెప్పుకుని ఎవడో ఒక దారుణం చేశాడని చెప్పు. ఆ రోజు బల్ల దగ్గర ఎలాంటి నిశ్శబ్దం వస్తుందో చూడు.

ఇక ఐదుగురినీ కలిపి ఉంచే తాడు. నీ ఫైల్‌లో ఐదుగురూ ఐదు మఠాల శిష్యులు, సత్రంలో అనుకోకుండా కలుస్తారు. ఎందుకు కలిసి ఉంటారు మరి? సత్రం బిల్లు కట్టాక ఎవరి దారి వాళ్లది. వాళ్లందరినీ ఒక కాపలా కంపెనీలో ఉద్యోగులుగా పెట్టు. చైనీయులు బియావ్‌జూ అంటారు. చింగ్ రాజవంశం కాలంలో ఇవి నిజంగా ఉండేవి. వెండి, పట్టు, నగలు, ఒక్కోసారి మనుషుల్ని కూడా ఊరి నుంచి ఊరికి కాపలాగా చేర్చేవాళ్లు. బండి మీద కంపెనీ జెండా కట్టి, దారి పొడుగునా కంపెనీ పేరు అరుచుకుంటూ పోయేవాళ్లు. ఆ అరుపు బెదిరింపు అనుకునేవు. "మేం వస్తున్నాం, మన మధ్య మర్యాద గుర్తుంచుకోండి" అని దొంగలకి కబురు అది. దొంగలతో మాట్లాడటానికి వేరే సంకేత భాష ఉండేది. "ఎవరి అన్నం తింటున్నావ్?" అంటే "మిత్రుల అన్నం" అని జవాబట. కత్తి దూస్తే వ్యాపారం దెబ్బతిన్నట్టే. మంచి కాపలాదారు అంటే ఏళ్ల తరబడి కత్తి తీయని వాడు. కొట్లాట కంటే ముందు మాట, మాట కంటే ముందు పరిచయం. చూశావా, ఇక్కడా మన పద్దుల పుస్తకమే.

షాన్‌షీ రాష్ట్రంలో పింగ్యావ్ అని గోడ చుట్టిన పాత ఊరుంది. నా రెండేళ్ల క్యాంపెయిన్ అక్కడే నడిపాను. 1823లో ఆ ఊళ్లోనే ఒక రంగుల వ్యాపారి కొట్టు హుండీల బ్యాంకుగా మారింది. అంటే ఇక్కడ వెండి కట్టి చీటీ తీసుకుంటే ఇంకో ఊళ్లో వెండి ఇస్తారు. వెండికి బదులు కాగితం ప్రయాణం చేసే కాలం వస్తోందన్నమాట, ఆ వెనకే రైళ్లు. మా కంపెనీ యజమాని ముసలాయన ప్రతి సెషన్ చివరా లెక్క చూసుకుని "ఈ నెల రెండు బండ్లే" అనేవాడు. రాక్షసుల కంటే ఆ మాటకి మావాళ్లు ఎక్కువ కంగారుపడేవారు.

తప్పు చేస్తానేమో అని నీకు టెన్షన్‌గా ఉందన్నావు. చేస్తావు. నేను చేసిన మంచి తప్పు ఒకటి చెబుతాను. పట్టు వ్యాపారి 60వ పుట్టినరోజుకి మావాళ్లు ఒక పెట్టె చేర్చాలి. పెట్టెలో ఏముండాలి? విదేశీ గడియారం అయితే ఖరీదుగా ఉంటుందని పెట్టాను. మర్నాడు లంచ్‌లో చైనీస్ సహోద్యోగికి గొప్పగా చెప్పాను. ఆయన చాప్‌స్టిక్స్ కింద పెట్టేశాడు. వాళ్ల భాషలో ‘గడియారం బహుమతి ఇవ్వడం’, ‘చావు దగ్గరుండి సాగనంపడం’ పలకడంలో ఒక్కటేనట. ముసలాయన పుట్టినరోజుకి "నువ్వు ఎప్పుడు పోతావ్" అని పంపినట్టు! నేను తప్పు దిద్దుకోలేదు. వచ్చే వారం పెట్టె తెరవగానే ఇంటిల్లిపాదీ పాలిపోయారని చెప్పాను. పంపినవాడెవడు, ఎందుకు పంపాడు, మోసుకొచ్చిన కంపెనీ పరువు ఏం కావాలి? ఐదు సెషన్లు వచ్చాయి ఆ గడియారం లోంచి. తెలిసినవాళ్లని అడుగు, సరిచేస్తే సంతోషించు. అంతకు మించి భయపడకు.

పాచికల గురించి కొంచెం. నువ్వు 20 ముఖాల పాచిక మీద ఆధారపడ్డావు. దాంట్లో ఏ అంకె పడే అవకాశమైనా 5 శాతమే, 1 పడటానికీ అంతే, 20 పడటానికీ అంతే. 30 ఏళ్లు సాధన చేసిన గురువు, నిన్న చేరిన శిష్యుడు ఇద్దరూ ఒకే లెక్కన కాలు జారి పడతారు. గుహల్లో నిధి వెతికే ఆటకి ఆ తమాషా బాగుంటుంది. ఇక్కడ గురువు గురువులా ఉండాలి. మామూలు ఆరు ముఖాల పాచికలు రెండు వేసి కలుపు. 36 రకాల్లో 7 ఆరుసార్లు వస్తుంది, 2 ఒక్కసారే, 12 ఒక్కసారే. ఫలితాలు మధ్యలో గుమిగూడతాయి కాబట్టి నేర్చుకున్న విద్యకి విలువ ఉంటుంది.

గోడల మీద పరుగు, చెట్ల కొసల మీద నడక, వీటికి పాచిక వేయించకు. ఆ లోకంలో అది మనం లిఫ్ట్ ఎక్కినంత మామూలు. సత్రంలో పదిమంది తాగుబోతు రౌడీలు మీదపడితే మొత్తానికి కలిపి పాచికలు ఒక్కసారే వేయించు. పది మందికి పదిసార్లంటే అర్ధరాత్రి అవుతుంది, ఈలోపు పిజ్జా చల్లారిపోతుంది.

నేను పెట్టుకున్న నియమం ఒకటుంది, కావాలంటే తీసుకో. పేరు ‘బలం అప్పు’. పాచికలు వేసే ముందు ఎప్పుడైనా ప్లేయర్ ఒక పాచిక అదనంగా అప్పు తీసుకోవచ్చు, పోరు మొత్తంలో మూడు దాకా. పోరు అయ్యాక ఒక పాచిక వేయాలి. తీసుకున్న అప్పుకి సమానంగానో తక్కువగానో పడితే లోపలి ప్రాణశక్తి దారి తప్పింది. దీనికి చైనీస్‌లో ఉన్న మాట నాకు చాలా ఇష్టం. నిప్పు దారితప్పి దయ్యం లోపలికి వచ్చిందంటారు. పైకి గాయం ఉండదు, లోపల నరాలు మండిపోతుంటాయి. మందుతో తగ్గదు. ఇంకొకరు వెనక కూర్చుని అరచేతులు వీపుకి ఆనించి తమ శక్తి ఇవ్వాలి, ఇచ్చినవాళ్లు వచ్చే సెషన్ అంతా ఒక పాచిక తక్కువతో ఆడాలి. అది పద్దులోకి ఎక్కుతుంది. మా బల్ల దగ్గర ఇద్దరు ప్లేయర్లు ఆటలో పగవాళ్లు. ఒకడు పడిపోతే శక్తి ఇవ్వగలిగింది రెండోవాడొక్కడే. ఇస్తావా అని అడిగాను. వాడు లేచి బాల్కనీలోకి పోయి ఐదు నిమిషాలు నిలబడ్డాడు. నేనేమీ అనలేదు. అలాంటప్పుడు నువ్వూ ఏమీ అనకు.

పోరాటాలు వద్దని కాదు నేననేది. 1954 జనవరిలో మకావ్‌లో ఇద్దరు గురువులు నిజంగానే బరిలో దిగారు. తాయ్‌చీ వైపు వూ గోంగ్‌యీ, తెల్ల కొంగ విద్య వైపు చెన్ కెఫూ. రెండో రౌండ్‌లో ఆపేశారు, అంతా కలిపి కొన్ని నిమిషాలే. కానీ దాని ముందు పత్రికల్లో మాటల యుద్ధం, హాంకాంగ్ అంతా ఊగిపోయింది. ఆ వేడిలోనే మూడు రోజులకి అక్కడి ఒక పత్రిక కత్తివీరుల సీరియల్ మొదలెట్టింది. ఈ తరహా కొత్త నవలలన్నిటికీ అదే మొదలు. కొట్లాట చిన్నది, దాని చుట్టూ ఉన్న పరువు పెద్దది. నువ్వూ అలాగే చెయ్యి. సవాలు ఒక సెషన్‌లో, పోరు రెండు సెషన్ల తర్వాత. మధ్యలో ఊళ్లో ఎవరు ఎవరి పక్షమో తేలనీ.

అసలు కొట్లాటే లేని సాహసం కావాలంటే హోంగ్‌షియెన్ కథ ఉంది. థాంగ్ రాజ్యం నాటిది. పేరుకి ‘ఎర్ర దారం’ అని అర్థం. ఒక సేనాపతి ఇంట్లో పరిచారిక. పొరుగు సేనాపతి ఈయన భూమి మింగాలని 3000 మంది ఎంపిక చేసిన యోధుల్ని పెంచి, రాత్రిళ్లు 300 మందిని కాపలా పెట్టుకున్నాడు. యజమాని నిద్రపట్టక తిరుగుతుంటే ఈ అమ్మాయి "నేను చూసొస్తా" అని వెళ్లి, ఒక్క రాత్రిలో రానూపోనూ 700 లీల దూరం తిరిగొచ్చింది. లీ అంటే సుమారు అర కిలోమీటరు. శత్రువు తలగడ పక్కనున్న బంగారు పెట్టె తెచ్చింది. చంపలేదు. మర్నాడు యజమాని ఆ పెట్టెని ఉత్తరంతో తిప్పి పంపాడు, మీ తల దగ్గరనుంచి ఎవరో తెచ్చారు, మేం ఉంచుకోలేం అని. యుద్ధం ఆగిపోయింది. పెట్టె తిప్పి పంపడంలోనే ఉంది చూడు మజా. నీ ప్లేయర్లకి ఇలాంటి పని అప్పజెప్పి ‘ఒక్కరూ చావకూడదు’ అని షరతు పెట్టు.

ఇప్పుడు దేవతలు. నీ ఫైల్‌లో స్వర్గాన్నేలే జేడ్ చక్రవర్తి మెరుపులు విసురుతున్నాడు, డ్రాగన్ రాజు వరాలిస్తున్నాడు. విఠలాచార్య సినిమా అయిపోయిందమ్మా! అక్కడ స్వర్గం అంటే పెద్ద కచేరీ. దేవుడంటే ఆఫీసరు. వరం ఇవ్వడు, ఫైల్ పైకి పంపిస్తాడు. ప్రతి ఊరికీ ఒక నగర దేవుడు ఉంటాడు, చాలాచోట్ల ఆయన బతికున్నప్పుడు నిజాయితీగా పనిచేసిన అధికారే, చచ్చాక అక్కడ పోస్టింగ్ వచ్చింది. వాన పడకపోతే ఆయన విగ్రహాన్ని తీసుకెళ్లి ఎండలో కూర్చోబెట్టేవారు, మా బాధ నీకూ తెలియాలని. వంటింట్లో పొయ్యి దేవుడు ఏడాదంతా ఇంట్లో మాటలు వింటూ ఉంటాడు. ఏడాది చివర పైకి వెళ్లి రిపోర్టు ఇస్తాడు. వెళ్లే ముందు ఆయన మూతికి తేనో బంక మిఠాయో రాస్తారు, తియ్యగా చెప్పాలని, లేదా నోరు అతుక్కుపోవాలని. ఒక సెషన్ అంతా ఆ రిపోర్టు స్వర్గం చేరకుండా ఆపడం మీదే ఆడించాను. మాలో ఒకడు లంచం ఇవ్వబోయాడు. పొయ్యి దేవుడు తీసుకున్నాడు కూడా, రసీదు ఇచ్చి మరీ.

నరకం చూడాలంటే నేను మావాళ్లని హా పార్ విల్లాకి తీసుకెళ్తాను. టైగర్ బామ్ మందు అమ్మిన కుటుంబం వాళ్లు 1937లో ఇక్కడి పాసిర్ పంజాంగ్‌లో కట్టిన తోట. లోపల పది నరక న్యాయస్థానాల బొమ్మలు, రంగులేసి, రక్తం కారుతూ. వడ్డీలకి జనాన్ని పీల్చినవాళ్లకి కత్తుల కొండ. కృతఘ్నులకి గుండె కోసి తీయడం. మా బల్ల దగ్గరి మనుషులు ఆ బొమ్మ ముందు ఆగిపోయారు, ఒకడు "నా పద్దు ఎంతుంది ఇంకా?" అని మెల్లగా అడిగాడు.

ఆ పదిమంది న్యాయాధిపతుల్లో ఐదోవాడు యెన్‌లువో. మన యమరాజే, బౌద్ధంతో పాటు వెళ్లి అక్కడ స్థిరపడ్డాడు. మొదట ఆయన ఒకటో న్యాయస్థానంలో ఉండేవాడట. అన్యాయంగా చచ్చినవాళ్లని చూసి జాలిపడి, పోయి మీ లెక్క తేల్చుకురండని వెనక్కి పంపేస్తున్నాడని ఐదో దానికి దింపారు. పనిష్మెంట్ ట్రాన్స్‌ఫర్! పదో న్యాయస్థానం దాటాక మెంగ్ అవ్వ కూర్చుని ఉంటుంది, మరుపు పులుసు గిన్నెతో. అది తాగితే గత జన్మ గుర్తుండదు, మేలూ పగా అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఇక్కడే నీకు బంగారం దొరుకుతుంది. నీ ప్లేయర్ పాత్ర చచ్చిపోతే కొత్త పాత్ర వివరాల కాగితం, అదే క్యారెక్టర్ షీట్, చేతికివ్వడానికి తొందరపడకు. అవ్వ ముందు కూర్చోబెట్టి, గిన్నె ఇచ్చి, తాగుతావా అని అడుగు. తాగితే కొత్త జన్మ, పద్దులన్నీ రద్దు. తాగకుండా జారుకుంటే పాత బాకీలన్నిటితో పసిపిల్ల ఒంట్లో. నేను నాలుగుసార్లు అడిగాను, నలుగురూ తాగలేదు.

మన నలకూబరుడు కూడా అక్కడున్నాడు, నెజా అన్న పేరుతో. ఇక్కడ కుబేరుడి కొడుకు, రంభ కథలో వస్తాడు. అక్కడ కాళ్ల కింద నిప్పు చక్రాలున్న ఏడేళ్ల పిడుగు. తూర్పు సముద్రపు డ్రాగన్ రాజు మూడో కొడుకుని చంపి తల్లిదండ్రుల మీదికి ఆపద తెచ్చాడు. ఆపద తప్పించడానికి తన మాంసం కోసి తల్లికీ, ఎముకలు తీసి తండ్రికీ తిరిగి ఇచ్చేశాడు. కన్న ఋణం అక్షరాలా తీర్చేశాడన్నమాట. తర్వాత గురువు తామరతో కొత్త ఒళ్లు చేసిచ్చాడు. అప్పు తీరిన కొడుకు తండ్రి మీదికి ఈటెతో వెళ్లాడు. మనవాడే కదా అని మన కథ అక్కడ అతికించకు, వాళ్ల కథే నీకు ఎక్కువ పనికొస్తుంది.

చైనాకి వెళ్లి ధ్యాన బౌద్ధం నేర్పాడంటారే, ఆ బోధిధర్ముడి గొడవ కూడా వస్తుంది, రాసిపెట్టుకో. ఆ మధ్య వచ్చిన తమిళ డబ్బింగ్ సినిమా చూసినవాడు ఒకడుంటాడు మీలో, "కుంగ్‌ఫూ మనమే నేర్పాం" అంటాడు. ఆయన ప్రస్తావన ఉన్న మొట్టమొదటి పుస్తకం 547 ప్రాంతానిది, ఆయన్ని పర్షియావాడంది. దక్షిణ భారతం అన్నది తర్వాతి మాట. యుద్ధవిద్యతో ముడిపెట్టింది 1624 నాటి ఒక వ్యాయామ గ్రంథం, అంటే వెయ్యేళ్ల తర్వాత. కుంగ్‌ఫూకి పేరుపడ్డ షావోలిన్ మఠంలో నిజంగా తేదీతో ఉన్నది 621, పదముగ్గురు సన్యాసులు థాంగ్ రాకుమారుడికి యుద్ధంలో సాయపడ్డారు, ఆ సంగతి 728లో రాతి మీద చెక్కించారు. అదీ ఒక ఋణపత్రమే. బల్ల దగ్గర వాదించకు. ఆటలో ఆ కథ చెప్పే సన్యాసినీ, నవ్వే సన్యాసినీ ఇద్దర్నీ పెట్టెయ్.

సమురాయ్, నింజా, కటానా తీసెయ్, అవి జపాన్‌వి. పంచభూతాలు కూడా సరిచూసుకో, నువ్వు గాలీ ఆకాశం రాశావు. అక్కడివి చెట్టు, నిప్పు, మట్టి, లోహం, నీరు. చెట్టు నిప్పుని పుట్టిస్తుంది, నిప్పు మట్టిని, మట్టి లోహాన్ని, లోహం నీటిని, నీరు చెట్టుని. అణచడం వేరే వరుస. నీరు నిప్పుని ఆర్పుతుంది, నిప్పు లోహాన్ని కరిగిస్తుంది, లోహం చెట్టుని నరుకుతుంది, చెట్టు వేళ్లతో మట్టిని చీలుస్తుంది, మట్టి నీటికి కట్ట వేస్తుంది.

ఆట తెలుగులో ఆడించు. ఇంగ్లిష్‌లో ఈ లోకం సగం చచ్చిపోతుంది. అక్కడ ఒకే గురువు శిష్యులు ఒకరినొకరు అన్న, తమ్ముడు, అక్క, చెల్లి అనే వరసలతో పిలుచుకుంటారు. వయసుతో పని లేదు, ముందు చేరినవాడే అన్న. 40 ఏళ్ల మనిషి 15 ఏళ్ల పిల్లని ‘పెద్దక్కా’ అనాలి. మనకి వరస పెట్టి పిలవడం పుట్టుకతో వచ్చిందే కదా, మీవాళ్లు పది నిమిషాల్లో అల్లుకుపోతారు. చైనీస్ మాటలు మూడో నాలుగో చాలు. యాస మాత్రం వెక్కిరింపుగా ఎవర్నీ చేయనివ్వకు. ఒకసారి మా దగ్గర ఒకడు చేశాడు, బల్ల దగ్గర ముగ్గురు చైనీస్ స్నేహితులు. నేను వెంటనే ఆపలేదు, అది ఇప్పటికీ నాకు ముల్లులా ఉంది.

ముగ్గురొచ్చినా ఆడించెయ్, ఐదుగురి కోసం ఆగితే మూడు నెలల్లో ఆట మూలన పడుతుంది. రానివాళ్లు వేరే బండితో వెళ్లారనుకో, కాపలా కంపెనీతో అదొక సుఖం.

ఇక్కడ చాంద్రమానం ఏడో నెలలో ఆకలి దయ్యాలకి పండగ చేస్తారు. వీధుల్లో వేదిక కట్టి పాటలు పాడతారు, ముందు వరస కుర్చీలు ఖాళీగా వదిలేస్తారు, అవి చచ్చినవాళ్లకి. ఆ నెలలో వచ్చే సెషన్‌కి మా బల్ల దగ్గరా ఒక కుర్చీ ఖాళీగా పెడతాను. ఇంకా తీరని పద్దు ఎవరిదుందో వాళ్ల పేరు చదువుతాను. అంతకు మించి ఏమీ చేయను.

మా పక్క బ్లాకువాళ్ల అబ్బాయి పదో తారీఖు హైదరాబాద్ వస్తున్నాడు, వాడి చేత రెండు జతల పాచికలూ ఒక రూళ్ల పుస్తకమూ పంపిస్తున్నాను. మీ ఐదుగురూ రాసిన పది వాక్యాలు నాకు ముందే పంపు. ఎవరైనా ‘మా ఊరు తగలబెట్టినవాడి మీద పగ’ అని రాస్తే ఒప్పుకోకు. వాడి పేరేంటో, ఆ రోజు ఇంట్లో పొయ్యి మీద ఏం ఉడుకుతోందో కూడా రాయమను. మీ అమ్మకి ఆదివారం ఫోన్ చేస్తానని చెప్పు. మూడు వారాలైంది, ఆ పద్దు నా పేరు మీదే ఉంది.

నీ మావయ్య